ఇరవై ఏడో నంబరు ఇల్లు ఎవరిది

ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఒక రబ్బరు ముక్కతో చేశాను. అదీ నా చేత్తో కాదు, నాకంటే పెద్దాయన చేత చేయించాను. రిటైర్మెంటు రోజున నాకు శాలువా కప్పి, "రికార్డుల విషయంలో మేడమ్ గారిని వేలెత్తి చూపించేవాళ్ళు లేరు" అని మైకులో పొగిడారు. నేను తలొంచుకుని నవ్వాను. అందరూ అది వినయం అనుకున్నారు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ బందరులో మా ఇంటికి వస్తుంటారు, డిపార్ట్‌మెంటు పరీక్షలకి ఏం చదవాలో అడగడానికి. వాళ్ళకి రూల్సు చెప్పి, కాఫీ ఇచ్చి పంపిస్తాను. ఈ సంగతి మాత్రం వాళ్ళెవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడానికి సిగ్గేసింది. కాయితం మీదైతే నా మొహం ఎవరికీ కనపడదు కదా.

తొంభైల చివర్లో నన్ను దివిసీమలో ఒక మండలాఫీసుకి వేశారు. ఏ మండలమో అడక్కండి. ఆ మనుషులు ఇంకా ఉన్నారు. పొద్దున్నే బందరులో బస్సెక్కి అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి ఆటోలో ఇరుక్కుని వెళ్తే పదిన్నరకి సీట్లో ఉండేదాన్ని. నాది పంచాయతీల ఇంటి పన్ను రిజిస్టర్ల సీటు. ఏ ఊళ్ళో ఏ నంబరు ఇల్లు ఎవరి పేర ఉందో తెలియాలంటే ఆ రిజిస్టర్లే దిక్కు. గోనెపట్టా అట్టలు, ఉప్పుగాలికి చెమ్మ పట్టి ఉబ్బిన పేజీలు. ఒక్కొక్కటి ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

నేను చేరిన ఏడాదే ఆ రిజిస్టర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించమని ఆర్డరు వచ్చింది. ముందుగా మా లాంటి కొన్ని చోట్ల చేసి చూసి, తర్వాత జనం ఎక్కణ్ణించైనా వెతుక్కునేలా ఇంటర్నెట్‌లో పెడతారన్నారు. రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఆఫీసరు గారి గదికి లేని ఏసీ వాటి గదికి పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. భోజనాలయ్యాక స్టాఫంతా ఏదో ఒక ఫైలు పట్టుకుని ఆ గదిలోనే తేలేవాళ్ళు. టైపు చేయడానికి అవనిగడ్డ నుంచి ఒక అమ్మాయిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. తెలివైన పిల్ల, మాట తక్కువ, వేళ్ళు ఎక్కువ.

ఆ పిల్ల రెండో రోజే ఒక రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మేడమ్, ఇందులో ఒక్కో ఇంటికి రెండు పేర్లు ఉన్నాయండి. పెన్నుతో ఒకటి, పక్కన పెన్సిలుతో ఒకటి. ఏది కొట్టమంటారు?"

అది సముద్రం ఒడ్డున పల్లెకారుల కాలనీ రిజిస్టరు. ఉప్పెన తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు స్థలం కొని, వరసలు వరసలుగా నూరిళ్ళు కట్టించి ఇచ్చారు. నిజంగానే పేజీ నిండా పెన్సిలు రాతలు. బాణం గుర్తులు, సున్నాలు, చిన్న చిన్న అక్షరాలు. చూస్తే నాకు ఒళ్ళు మండింది. మా నాన్న మిషన్ స్కూల్లో మేస్టారు. కాపీ పుస్తకంలో కొట్టివేత కనపడితే ఆ పేజీ మొత్తం మళ్ళీ రాయించేవాడు. ఆ పెంపకం నాది. మార్జినులో గీత పడినా నాకు అన్నం సయించదు.

ఆ రాతలు మా బిల్ కలెక్టరువి. యాభై ఏడేళ్ళ మనిషి, పొట్టిగా ఉంటాడు, ఎప్పుడూ సైకిలు మీదే. ఆ కాలనీకి దాదాపు ఇరవై ఏళ్ళుగా ఆయనే తిరుగుతున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. పిలిపించాను.

"ఏంటి బాబాయ్ ఇది? గవర్నమెంటు రిజిస్టరు అనుకున్నారా, చీటీల పుస్తకం అనుకున్నారా?"

ఆయన కంగారు పడలేదు. పేజీ తన వైపు తిప్పుకుని చెప్పాడు.

"ఇళ్ళు ఇచ్చేటప్పుడు చీట్లు తీసి ఇచ్చారండి మేడమ్ గారు. ఒకే పడవ మీద పోయేవాళ్ళు తలో వరసలో పడ్డారు. వేటకి పోయేవాళ్ళకి అట్టా కుదరదండి. సముద్రం పోటు చూసుకుని తెల్లారుగట్ట లేవాలి, ఒకళ్ళనొకళ్ళు లేపుకోవాలి, వలలు ఒక్కచోట ఆరేసుకోవాలి. అందుకని కాలనీలో దిగిన నెలలోపే పెద్దల ముందు తాంబూలాలు మార్చుకుని ఇళ్ళు మార్చేసుకున్నారు. ఒక పడవ వాళ్ళు ఒక వరసకి చేరిపోయారు. పెన్నుతో రాసింది చీటీలో వచ్చిన పేరండి. పెన్సిలుతో రాసింది ఉన్నోళ్ళ పేరు."

"అయితే ఆర్డరు తీసుకుని పెన్నుతోనే మార్చొచ్చుగా?"

"వాళ్ళు అర్జీ పెడితేగా ఆర్డరు వచ్చేది. మాటిచ్చి మార్చుకున్నదానికి మళ్ళీ కాయితం ఎందుకంటారండి వాళ్ళు. పెన్నుతో రాయాలంటే ఆర్డరు ఉండాలి. పెన్సిలుతో రాయడానికి నిజమైతే చాలని నేనే రాసుకున్నాను."

ఇప్పుడు తలచుకుంటే ఆ మాటకి లేచి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అప్పుడు నాకు ఎదురు సమాధానంలా వినిపించింది. ఆర్డరు లేని ఎంట్రీ ఎంట్రీయే కాదు, పెన్నుతో ఉన్నది మాత్రమే కొట్టమని ఆ పిల్లకి చెప్పాను. అక్కడితో ఆగినా సరిపోయేది. పై నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసి, ఆ పేజీలు వాళ్ళ కంట పడితే పరువు పోతుందని, బాబాయ్‌ని కూర్చోబెట్టి ఆయన రాతలు ఆయన చేతే తుడిపించాను.

ఒక పూటంతా తుడిచాడు. మధ్యలో టీ తెప్పించాను, తాగలేదు. సాయంత్రం రిజిస్టరు తెచ్చి, రబ్బరు పొట్టు దులిపి నా బల్ల మీద పెట్టి, "అయిపోయిందండి" అని వెళ్ళిపోయాడు. తనిఖీకి వచ్చిన పెద్దాయన మా రిజిస్టర్లు చాలా నీట్‌గా ఉన్నాయని రాసి వెళ్ళాడు. ఆ ఏడాదే బాబాయ్ రిటైరయ్యాడు. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. నిజం చెప్పాలంటే, సెలవు పెట్టాను.

తర్వాత నాకు రెండు చోట్లకి బదిలీ అయింది. ఏడెనిమిదేళ్ళు తిరిగి సూపరింటెండెంటుగా మళ్ళీ అదే ఆఫీసుకి వచ్చాను. అప్పటికి రికార్డులు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. ఊరు, ఇంటి నంబరు, లేకపోతే యజమాని పేరు కొడితే చాలు, ఇల్లు ఎవరిదో తెర మీద వస్తుంది. అవనిగడ్డలో ఇంటర్నెట్ సెంటరు బోర్డు మీద 'ఇంటి రికార్డులు చూడబడును' అని రాశారు. బస్సులోంచి ఆ బోర్డు కనపడితే నేను కాస్త నిటారుగా కూర్చునేదాన్ని. ఆ కాంట్రాక్టు పిల్ల ఇంకా కాంట్రాక్టు పిల్లగానే ఉంది, కాకపోతే కంప్యూటరు గది మొత్తం ఆమె చేతిలోనే ఉంది.

ఒక సోమవారం పొద్దున్న నేను సీట్లో కూర్చోగానే ఒకావిడ వచ్చి నిలబడింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చేపల గంప బయట గోడవార పెట్టి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, ఒక కాయితం నా ముందు పెట్టింది.

"ఇది మా ఇంటి తలుపుకి అంటించి పోయారండి. అవనిగడ్డలో చదివించాను. ఇల్లు మాది కాదని రాసుందంట. నిజమేనా అండి?"

అది మా ఆఫీసు నోటీసే. పల్లెకారుల కాలనీలో ఇరవై ఏడో నంబరు ఇంటికి ఓనర్‌షిప్ సర్టిఫికెట్ కావాలని గుడివాడ నుంచి ఒకతను అర్జీ పెట్టాడు. ఇల్లు తన తండ్రి పేర ఉంది, తండ్రి చనిపోయాడు, తనొక్కడే వారసుడు. ఇంటర్నెట్‌లో తీసిన ప్రింటు జత చేశాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో రుజువులతో రావాలని నోటీసు. అందులో నాలుగు రోజులు అప్పటికే అయిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు ఆ ఇంట్లో?"

"నేను కాపురానికి వచ్చిందే ఆ ఇంటికండి. మా ఆయన చిన్నపిల్లాడప్పటి నుంచి మా మావ అక్కడే ఉన్నాడంట. మార్చుకున్న ఇల్లండి అది. మావ పోయాడు, అత్త పోయింది. మా ఆయన గిలకలదిండి రేవులో బోటు మీద పనికి పోయాడు. సముద్రం మీద ఉన్నాడు, మూడు వారాలకి గానీ రాడు. ఆయన వచ్చేటప్పటికి ఇల్లుండిద్దా అండి?"

మార్చుకున్న ఇల్లు అనగానే నాకు ఆ పెన్సిలు రాతలు గుర్తొచ్చాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టి కంప్యూటరు గదికి వెళ్ళాను, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి. ఇరవై ఏడు కొట్టిస్తే గుడివాడ అతని తండ్రి పేరే వచ్చింది. ఆవిడ మావగారి పేరు కొట్టించాను. 'రికార్డులు లేవు' అని వచ్చింది. ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, ఊరు మార్చి చూశాం. అదే మాట.

స్టోరులోంచి పాత రిజిస్టరు దింపించి ఇరవై ఏడో నంబరు దగ్గర పేజీని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూశాను. పెన్సిలు నొక్కు ఏమైనా మిగిలిందేమోనని. ఏమీ లేదు. బాబాయ్ పని ఎప్పుడూ శుభ్రంగానే చేసేవాడు.

ఆఫీసరు గారు కుర్రవాడు, మంచివాడు, రూలు దాటడు. విషయం చెప్తే గుడివాడ అతని ప్రింటూ, నేను తీయించిన 'రికార్డులు లేవు' ప్రింటూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"మేడమ్, మార్చుకున్నారంటే ఆవిడ మావగారికి కూడా కాలనీలో ఒక ఇల్లు వచ్చి ఉండాలి కదా. ఆయన పేరు అసలు రికార్డులోనే లేదు. ఇల్లే రానివాడు ఏం మార్చుకున్నాడు? వచ్చి కూర్చున్నట్టే కదా."

"కాలనీ మొత్తం వచ్చి సాక్ష్యం చెప్తుంది సార్."

"చెప్తారు, వాళ్ళ మనిషి కాబట్టి. కాయితం ఒక్కటి తెమ్మనండి, నేనే ఆపేస్తాను. లేకపోతే పదహారో రోజు మీరు నోట్ పెట్టాలి, నేను సంతకం చేయాలి."

ఆయన తప్పు లేదు. ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. నిజానికి ఎనిమిదేళ్ళ కిందట అదే అన్నాను. గుడివాడ అతను రొయ్యల వ్యాపారం చేసే ఒకాయనకి ఆ ఇల్లు అమ్మడానికి మాట ఇచ్చేశాడని, సర్టిఫికెట్ చేతికి రాగానే ఖాళీ చేయిస్తారని ఆవిడ చెప్పింది. ఇద్దరు చిన్న పిల్లలు ఆవిడకి. నేను నోట్ రాస్తే ఆ ముగ్గురూ వీధిలో ఉంటారు. నోట్ రాసేది నేను, రుజువు తుడిపించింది నేను.

మర్నాడు పొద్దున్నే మోపిదేవి వెళ్ళాను. రిటైరయ్యాక బాబాయ్ అక్కడ గుడికి వచ్చే దారిలో చిన్న సైకిలు షాపు పెట్టుకున్నాడని విన్నాను. పంక్చరు వేస్తూ కనిపించాడు. నన్ను చూసి లేవబోయాడు, నేనే పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చినవన్నీ మర్చిపోయాను.

"బాబాయ్, ఆ రోజు మీ చేత ఆ పేర్లు తుడిపించడం తప్పు. చెప్దామని వచ్చాను."

ఆయన ట్యూబుకి గరుకు కాయితం రుద్దుతూనే ఉన్నాడు. ట్యూబు పక్కన పెట్టి, "టీ తాగుతారాండి?" అన్నాడు.

"తాగుతాను. మీరూ తాగండి."

అప్పుడు నవ్వాడు. టీ తాగుతూ ఇరవై ఏడో నంబరు గొడవంతా చెప్పాను. వచ్చి సాక్ష్యం చెప్పమని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వస్తాను, రాక ఏంటండి. కానీ నా మాటకి మీ ఆఫీసరు గారు ఆగరు. మీరు ఆవిడ ఇంటి కోసమే వెతుకుతున్నారు మేడమ్ గారు. అది కంప్యూటరులో ఎన్నిసార్లు కొట్టినా ఒకటే చెప్పిద్ది. మార్చుకోవడం అంటే రెండిళ్ళు కదండీ. అవతల ఇల్లు ఏమైంది? ఆ గుడివాడాయన నాన్న వచ్చి ఉన్న ఇల్లు, చీటీలో ఆవిడ మావకి వచ్చిన ఇల్లు, ఒకటేగా. దాన్ని వెతికారా?"

వెతకలేదు. ఆ ఇంటి సంగతి నాకు తట్టనే లేదు.

"అది ఏ నంబరు బాబాయ్?"

"నంబర్లు ఎక్కడ గుర్తుంటయ్యండి, పుస్తకంలో ఉంటయ్యని ధీమాగా ఉన్నాను. సముద్రం వైపు చివరి వరస. వాళ్ళ పడవ వాళ్ళందరూ అక్కడే. తర్వాత ఆయన వేట మానేసి ఎవరికో ఇచ్చేసి గుడివాడ పోయాడన్నారు. అప్పుడొక రెండేళ్ళు నన్ను వేరే ఊరికి వేశారు, అందుకని ఎవరికో నాకు తెలీదు."

షాపు మూసి, నాతో పాటు ఆటో ఎక్కాడు. కాలనీలో దిగి, వలలు బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని అడిగాం. ఆయన తలెత్తకుండానే చివరి వరసలో బోరింగు పక్కన ఉన్న ఇంటి వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ మావగారికి చీటీలో వచ్చింది అదేనట.

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అన్నాను.

"అడిగితే చెప్పమా అమ్మా? మొన్న నోటీసు అంటించడానికి మీ వాళ్ళొచ్చి ఇరవై ఏడు ఎవరిదని అడిగారు, అది చెప్పాం" అన్నాడాయన.

గుమ్మం మీద అరవై ఒకటి అని ఉంది. ఆఫీసుకి వచ్చి ఆ పిల్ల చేత అరవై ఒకటి కొట్టించాను. మనకి సంబంధం లేని మూడో మనిషి పేరు వచ్చింది. నేను వెళ్ళిపోవడానికి లేచాను. ఆ పిల్ల మాత్రం లేవలేదు. తెరని పక్కకి జరుపుకుంటూ చివరికంటా వెళ్ళింది.

"మేడమ్, రిమార్కులు అని ఒక గడి ఉందండి. ఎవరూ చూడరు గానీ, పెన్నుతో ఉన్నదంతా కొట్టమన్నారుగా మీరు, అప్పుడు ఇది కూడా కొట్టాను. 'పేరు మార్పు' అని ఉంది. పక్కన ఫైలు నంబరు ఉంది."

అప్పుడు అర్థమైంది. పేరు కొట్టి వెతికితే ఇప్పుడున్న యజమానులు మాత్రమే వస్తారు, వాళ్ళకి ముందున్నవాళ్ళు రారు. ఆవిడ మావగారికి ఇల్లు రాకపోవడం కాదు, వచ్చిన ఇల్లు పద్ధతి ప్రకారం ఇంకొకరి పేర మారిపోయింది కాబట్టి ఆయన పేరు కనిపించడం లేదు. అంటే ఆ మార్పుకి ఒక ఫైలు ఉండాలి. ఆ ఫైలులో ఆయన సంతకమైనా, వేలిముద్రైనా ఉండి తీరాలి.

రికార్డు గదిలో రెండు రోజులు పట్టింది. కట్టల మీద రాసిన ఏళ్ళు సగం చెదలు తినేశాయి. అటెండరు, బాబాయ్, ఆ పిల్ల, నేను నలుగురం ముక్కుకి గుడ్డలు కట్టుకుని కూర్చున్నాం. బాబాయ్ రాత్రికి ఇంటికి వెళ్ళి పొద్దున్నే క్యారేజీ తెచ్చుకుని వచ్చేవాడు, మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టు. రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. పల్చటి ఫైలు, నాలుగు కాయితాలు. మూడో కాయితం నేను రెండుసార్లు చదివాను.

విచారణ రోజున గుడివాడ అతను టైముకి ముందే వచ్చాడు. మోటార్లు వైండింగు చేసే షాపు ఉందట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నా చేతుల మీద గ్రీజు మరకలు వదల్లేదు. దౌర్జన్యం చేసే మనిషిలా లేడు. నాకు అదే ఎక్కువ ఇబ్బంది అనిపించింది. చేపలావిడ ఇద్దరు పిల్లల్నీ చెరో పక్క పట్టుకుని వచ్చింది. అతని వైపు చూడలేదు.

ఆఫీసరు గారు అతన్ని మాట్లాడమన్నారు.

"నాకు ఎవరి ఇల్లూ వద్దండి" అన్నాడు. "నాకు పద్నాలుగు పదిహేనేళ్ళప్పుడు ఇక్కణ్ణించి తీసుకుపోయాడు మా నాన్న. ఏ ఇంట్లో ఉన్నామో కూడా సరిగా గుర్తు లేదు, అన్నీ ఒకటే మాదిరి ఇళ్ళు. ఆయన చచ్చిపోయేదాకా మిల్లులో బస్తాలు మోశాడు. పోయేటప్పుడు నాకేం మిగల్చలేదని అందరూ అన్నారు, నేనూ అన్నాను. మొన్న ఊరికే ఇంటర్నెట్ సెంటర్లో ఆయన పేరు కొట్టి చూస్తే ఈ ఇల్లు కనపడ్డది. నా కోసం ఏదో ఒకటి ఉంచాడని సంతోషమేసిందండి. అంతే."

నేను ఫైలు తీసి మూడో కాయితం అతని ముందు పెట్టాను. "చదవండి. గట్టిగా చదవండి, ఆవిడకి కూడా వినపడాలి."

అతను చదవడం మొదలుపెట్టాడు. పాత ఆఫీసు భాష, మధ్య మధ్య తడబడ్డాడు. ఇరవై ఏడో నంబరు ఇల్లు తనకి చీటీలో వచ్చినదనీ, అరవై ఒకటో నంబరు ఇంటికి బదులుగా దాన్ని పెద్దల సమక్షంలో ఆవిడ మావగారికి శాశ్వతంగా ఇచ్చేశాననీ, అందులో తనకి గానీ తన వారసులకి గానీ ఏ హక్కూ లేదనీ అతని తండ్రి చెప్పిన వాంగ్మూలం అది. అరవై ఒకటి ఆయన అమ్ముకోవడానికి అభ్యంతరం లేదని ఆవిడ మావగారి వేలిముద్ర. చివర్లో, అమ్మడానికి కారణం అని ఒక వరస ఉంది. అక్కడికి వచ్చేసరికి అతను కాయితం బల్ల మీద పెట్టేశాడు. ఆఫీసరు గారు కాయితం అందుకుని పూర్తి చేశారు.

"'నా కుమారుని గుడివాడలో ఐటిఐ చదివించు నిమిత్తం.'"

అతను రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, అర్జీ వెనక్కి తీసుకుంటానని, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమని అడిగాడు. పెట్టాక, ఆ మూడో కాయితానికి ఒక నకలు ఇప్పించమన్నాడు. నకలు ఆ పిల్ల తెచ్చి ఇస్తే మడత పడకుండా తన ప్రింటు తెచ్చుకున్న కవరులో పెట్టుకున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళాక చేపలావిడ పిలిచింది.

"అన్నయ్యా."

అతను ఆగాడు.

"పదిహేను రోజులు నా పిల్లలకి అన్నం పెట్టి నేను తినకుండా కూర్చున్నాను. నిన్ను తిట్టని తిట్టు లేదు. మీ నాన్న ఉన్న ఇల్లు అరవై ఒకటి, చూపిస్తాను రా. చూసి, భోంచేసి పో. చెల్లెలింటి నుంచి ఖాళీ కడుపుతో పోతావా?"

అతను తల వంచుకుని ఆవిడ వెనక నడిచాడు. చిన్నపిల్ల అప్పటికే అతని వేలు పట్టుకుంది.

ఇక్కడితో ముగిస్తే నాకు బాగుండేది. కానీ ఆ సాయంత్రం ఫైలు ముగిస్తూ నోట్ రాయాలి. కాలనీ మొత్తంలో ఇలాంటి ఇళ్ళు ఇంకా ఎన్నో ఉన్నాయనీ, వాటి వివరాలు రిజిస్టరులో పెన్సిలుతో ఉండేవనీ, ఫలానా సంవత్సరం నా ఆదేశం మీద తుడిచేశారనీ రాశాను. పక్క సీటు ఆయన తొంగి చూసి, "ఎందుకండీ కొరివితో తల గోక్కుంటారు? ఎవరికి తెలుసు?" అన్నాడు. తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, అందులో ఒకాయన నేను ఇచ్చిన టీ ఇప్పుడిప్పుడే తాగుతున్నాడు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను, కొన్నాళ్ళు పై ఆఫీసులో నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. మొత్తమ్మీద కొంపేం మునగలేదు. పిల్లలూ, తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని మిమ్మల్ని భయపెట్టేవాళ్ళ మాట నమ్మకండి.

ఆ నోట్ మీదే కాలనీ మొత్తానికి పేర్ల సవరణకి అనుమతి వచ్చింది. వరసకొక రోజు చొప్పున వెళ్ళాం. గుమ్మాల ముందు బల్ల వేసి, ఇరుగుపొరుగుల ముందు వాంగ్మూలాలు తీసుకున్నాం. బాబాయ్ ముందు నడుస్తూ ఇది ఫలానా వాళ్ళది, ఇది ఫలానా వాళ్ళది అని చెప్పేవాడు. నంబర్లు మర్చిపోయాడు గానీ మనుషుల్ని ఒక్కరిని కూడా మర్చిపోలేదు. ఈసారి ప్రతి పేరూ ఆర్డరుతో, పెన్నుతో ఎక్కింది.

ఇరవై ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ భర్త వేట నుంచి వచ్చి ఉన్నాడు. కాయితం మీద అతని పేరు రాయబోతుంటే ఆవిడ అడ్డం వచ్చింది.

"ఆయన నెలలో ఇరవై రోజులు నీళ్ళ మీద ఉంటాడండి. నోటీసు వచ్చినా, పోలీసొచ్చినా గుమ్మంలో ఉండేది నేను. నా పేరు రాస్తే రూలు ఒప్పుకోదా?"

నేను అతని వైపు చూశాను. అతను తల గోక్కుని, "రాయండి మేడమ్. నిజమేగా" అని సంతకం పెట్టాడు.

నెల తర్వాత ఆవిడ ఆఫీసుకి వచ్చింది. గంప గోడవార పెట్టి, కాళ్ళు కడుక్కుని, చెప్పులు లేకపోయినా విప్పే చోట ఒక క్షణం ఆగి, కంప్యూటరు గదిలోకి అడుగుపెట్టింది. ఆ పిల్ల ఊరు, నంబరు కొట్టింది. తెర మీద పేరు వచ్చింది. ఆవిడకి చదువు రాదు. ఏముందో చదవమంది. ఆ పిల్ల ఇంటిపేరుతో సహా చదివింది.

"ఇంకోసారి చదవమ్మా" అంది ఆవిడ.

ఆ పిల్ల మళ్ళీ చదివింది. మూడోసారి నేను చదివాను.